విదేశీ యుద్ధరంగాల నుంచి తిరిగొచ్చిన సైనికులు, వారి పేగుల్లోని అమీబా: తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు నుంచి, టర్కీలోని గల్లిపోలి నుంచి ఓడలెక్కి ఇంగ్లండు చేరిన వేలమంది సైనికులకు గాయాలు లేవు. జ్వరం లేదు, తిన్నది అరుగుతోంది. అయినా మల పరీక్షలో అమీబా కనబడిందని కొందరిని ఇంటికి పంపకుండా ఆపేశారు. వారికి పెట్టిన పేరు రోగవాహకులు. ల్యాబ్ టెక్నీషియన్ విద్యార్థులకు పరాన్నజీవుల పాఠం చెప్పేటప్పుడు నేను ఈ కథతోనే మొదలుపెడతాను. వాళ్ళు అడిగిన ప్రశ్నలు, పాఠంతో సంబంధం లేని మా బంధువులు అడిగిన ప్రశ్నలు కలిపి ఇక్కడ పెట్టాను.

రోగం తగ్గాక కూడా మనిషి దాన్ని మోస్తూ తిరగడం ఏమిటి?

ఎంటమీబా హిస్టోలైటికా అనే ఏకకణ జీవి పెద్దపేగులో ఉంటుంది. పేగు గోడను తొలిచినప్పుడు చీము, నెత్తురు, జిగట పడతాయి. తొలవకుండా పేగులోని బాక్టీరియాను తింటూ బతికినంతకాలం మనిషికి ఏమీ తెలియదు. విరేచనాలు తగ్గడం అంటే అమీబా చచ్చిపోవడం కాదు, తొలవడం ఆపడం మాత్రమే కావచ్చు. అసలు ఒక్కనాడూ విరేచనాలు పట్టకుండానే అమీబా చేరినవారు కూడా ఉంటారు. మొదటి రకాన్ని కోలుకున్న వాహకులని, రెండో రకాన్ని సంపర్కం వల్ల వాహకులైనవారని ఆనాటి వైద్యులు విడదీశారు. సైన్యానికి తలనొప్పి తెచ్చింది రెండో రకమే. జబ్బుపడనివాడు ఆస్పత్రికి రాడు, రానివాణ్ణి పట్టుకోవడం ఎలా?

జిగట విరేచనాలన్నీ ఒకటే కదా?

కాదు. ఈ తేడా తెలియకే గల్లిపోలిలో పెద్ద పొరపాటు జరిగింది, దానికి తర్వాత వస్తాను.

అమీబాను రోగి మలంలో మొదట గుర్తించి వర్ణించినవాడు ఫ్యోదర్ లోష్. 1875లో, ఎండకాసే దేశంలో కాదు, గడ్డకట్టే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. రోగి ఆర్ఖాంగెల్స్క్ ప్రాంతం నుంచి వచ్చిన శ్రమజీవి. ఇది ఉష్ణదేశాల జబ్బు అనేవారికి నేను మొదట ఈ సంగతి గుర్తుచేస్తాను. 1897లో జపానులో కియోషి షిగా జిగట విరేచనాలకు కారణమైన బాక్టీరియాను పట్టుకున్నాడు. అలా ఒకే పేరు కింద రెండు జబ్బులున్నాయని తేలింది.

బాక్టీరియా వల్ల వచ్చేది విరుచుకుపడుతుంది. జ్వరం, మెలితిప్పే నొప్పి, రోజుకు ఇరవై ముప్పైసార్లు. మనిషిని మంచాన పడేస్తుంది, చాలామందికి వారం పదిరోజుల్లో వదిలేస్తుంది. అమీబాది నిదానం. జ్వరం ఉండకపోవచ్చు, మనిషి పనిచేసుకుంటూనే ఉంటాడు, తగ్గినట్టే తగ్గి నెల తర్వాత మళ్ళీ మొదలవుతుంది. పొడిచి వెళ్ళిపోయేది మొదటిదైతే, మకాం వేసేది రెండోది. సైనికుడితో పాటు ఓడెక్కి దేశాలు దాటగలిగింది కూడా ఈ రెండోదే.

ఏ యుద్ధరంగాల్లో ఇది ముదిరింది?

గల్లిపోలి, ఈజిప్టు, మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్), గ్రీసులోని సలోనికా. వీటిలో గల్లిపోలి పేరే ఎక్కువగా వినిపిస్తుంది. 1915 ఏప్రిల్ 25న దళాలు దిగాయి, 1916 జనవరి 9న చివరి సైనికులు వెనక్కి వచ్చారు. మధ్యలో వచ్చిన వేసవి తూటాలకన్నా ఎక్కువమందిని ఓడలెక్కించింది. సముద్రానికీ కొండకూ మధ్య ఇరుకు నేల. పూడ్చడానికి వీల్లేని శవాలు, పైకప్పు లేని మరుగుదొడ్లు, కొలిచి పోసే నీళ్ళు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు ఎక్కడివి? బిస్కెట్టు మీద జామ్ రాసి నోటిదాకా తెచ్చేలోపే దాన్ని ఈగలు నల్లగా కప్పేసేవని అక్కడినుంచి బతికొచ్చినవారు మళ్ళీమళ్ళీ చెప్పారు. జబ్బుపడినవారిని లెమ్నోస్ దీవిలోని ముద్రోస్ రేవుకు, అక్కడినుంచి అలెగ్జాండ్రియాకు, మాల్టాకు, ఇంగ్లండుకు పంపేవారు.

మనవాళ్ళూ ఉన్నారు. గల్లిపోలిలో 29వ భారత పదాతి బ్రిగేడు, కంచరగాడిదల దళాలు పనిచేశాయి. నిజాం సంస్థానం పంపిన హైదరాబాద్ లాన్సర్లు సూయజ్ కాలువ దగ్గర, తర్వాత పాలస్తీనాలో ఉన్నారు. తెలుగు జిల్లాల నుంచి కూడా జవాన్లను చేర్చుకున్న మద్రాసు శాపర్లు, అంటే సైనిక ఇంజనీరింగు దళం, మెసొపొటేమియాకు వెళ్ళారు. అక్కడ కూత్ పట్టణంలో చిక్కుకున్న సైన్యం 1916 ఏప్రిల్ 29న లొంగిపోయింది, దాదాపు 13,000 మంది బందీలయ్యారు. క్షతగాత్రులను, రోగులను తరలించిన తీరు ఎంత ఘోరంగా ఉందంటే బ్రిటిష్ ప్రభుత్వమే విచారణ సంఘాన్ని వేయాల్సి వచ్చింది. ఆ సంఘం నివేదిక 1917లో వెలువడింది.

గల్లిపోలిలో అందరికీ వచ్చింది అమీబానేనా?

మొదట అలాగే అనుకున్నారు. వేడిదేశం, నెత్తురు విరేచనాలు, ఇంకేముంది అమీబానే అని తీర్మానించి, కనబడిన ప్రతివాడికీ అమీబాను చంపే ఎమెటిన్ సూదులు పొడిచారు. తర్వాత నిదానంగా పరీక్షిస్తే ఎక్కువ భాగం బాక్టీరియా వల్ల వచ్చినవేనని తేలింది. బాక్టీరియా మీద ఎమెటిన్ పనిచేయదు.

ఇంత పొరపాటు ఎందుకు జరిగిందో మైక్రోస్కోపులో కన్నుపెట్టినవారికి సులభంగా అర్థమవుతుంది. బాక్టీరియా విరేచనాల్లో పేగునుంచి పెద్దపెద్ద భక్షక కణాలు, అంటే క్రిములను మింగే మన ఒంటి కణాలు, ఊడిపడతాయి. అవి గుండ్రంగా, అమీబా అంతే ఉంటాయి, ఎర్ర రక్తకణాలను కూడా మింగి కూర్చుంటాయి. అలవాటులేని కన్ను దాన్ని అమీబా అనే రాస్తుంది. మా ల్యాబులో మొదటి ఏడాది పిల్లలు ఇప్పటికీ రాస్తారు. అమీబా అయితే వెచ్చటి తాజా స్లైడు మీద ఒక దిక్కుగా మిథ్యాపాదం (కాలిలా సాగే ఒంటి భాగం) చాచి జారుతుంది, భక్షక కణం అలా కదలదు. కానీ గుడారంలో, చల్లారిపోయిన నమూనాలో, రెండొందల స్లైడుల తర్వాత ఆ కదలిక కోసం ఎవరు కూర్చుంటారు? చుట్టూ ఉన్న కణాల తీరును బట్టి రెండు జబ్బులనూ విడదీసే పద్ధతిని విల్మోర్, షియర్‌మన్ అనే ఇద్దరు వైద్యులు 1918లో వివరించారు. అప్పటికి గల్లిపోలి ఖాళీ అయి రెండేళ్ళు దాటింది.

ఈ కథలో రోనాల్డ్ రాస్ పేరు ఎందుకు వస్తుంది? ఆయన మలేరియా మనిషి కదా?

అవును, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రాసే. గల్లిపోలి దళాలను కుంగదీస్తున్న జిగట విరేచనాల సంగతి చూడమని 1915లో ఆయన్ను అలెగ్జాండ్రియాకు పంపారు. నాలుగు నెలలున్నారు. బేగంపేటలో ఆయన పేరు పెట్టిన భవనం ముందునుంచి రోజూ బస్సులో వెళ్ళేవారికి ఈ ముక్క తెలిసి ఉండదు.

విరేచనాలతో మంచం పట్టినవాడి కన్నా ఆరోగ్యంగా ఉన్నవాడే ప్రమాదమంటారు, నిజమేనా?

అమీబా విషయంలో చాలావరకు నిజమే. ఈ జీవికి రెండు రూపాలు. పేగులో కదులుతూ తినే రూపం ఒకటి, దాన్ని ట్రోఫోజోయిట్ అంటారు. గట్టి గోడ కట్టుకుని నిద్రపోయే రూపం రెండోది, దాన్ని కోశం లేదా సిస్టు అంటారు. విరేచనాలు ఉధృతంగా ఉన్నప్పుడు పేగులో మలం నిలవదు కాబట్టి కోశం కట్టుకునే వ్యవధి ఉండదు, అమీబాలు కదిలే రూపంలోనే బయటపడతాయి. బయటి గాలి తగలగానే కాసేపట్లో చస్తాయి. ఎవరైనా మింగినా కడుపులోని ఆమ్లానికి బతకవు. అంటే నెత్తురు విరేచనాల రోగి, చూడ్డానికి ఎంత భయంగా ఉన్నా, పక్కవాడికి అంటించడం అరుదు.

వాహకుడి మలం గట్టిగా ఉంటుంది. అమీబాకు తీరిక దొరుకుతుంది, గుండ్రబడి గోడ కట్టుకుంటుంది. రోజుకు కోటి దాటి కూడా కోశాలు పడవచ్చు. తేమ, చల్లదనం ఉంటే అవి వారాల తరబడి బతుకుతాయి. ఎండితే చస్తాయి, మరిగిస్తే చస్తాయి, కానీ కుళాయి నీళ్ళలో మామూలుగా కలిపే క్లోరిన్ మోతాదుకు లొంగవు.

ఆ కోశం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి. స్లైడు మీద ఆవగింజంత మలం, ఒక చుక్క అయోడిన్, పైన పలచటి గాజుబిళ్ళ. తేనెరంగు నేపథ్యంలో ఉల్లిపాయ తొక్కల్లాంటి తిండి పీచు, గాలి బుడగలు, ఈస్టు కణాలు. వాటి మధ్య ఎక్కడో ఒక నిండు గుండ్రం, 10 నుంచి 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఫోకస్ చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పితే లోపల ఒక సన్నటి ఉంగరం తేలుతుంది, దాని నడిమధ్య చుక్క. ఇంకాస్త తిప్పితే అది మునిగి మరో ఉంగరం వస్తుంది. నాలుగు లెక్కపెడితే పక్వమైన కోశం. ఎనిమిది వస్తే అది ఎంటమీబా కోలై, పాపం దానివల్ల ఏ హానీ లేదు. సైనికుడు ఇంటికి వెళ్ళాలా, ఆస్పత్రిలో ఉండాలా అన్నది ఈ ఉంగరాల లెక్క మీద తేలేది.

కోశాల ద్వారానే అంటుతుందని ఎలా తెలిసింది?

మనుషులకు తినిపించి. 1913లో వాకర్, సెల్లార్డ్స్ అనే అమెరికన్లు మనీలాలోని బిలిబిద్ జైలు ఖైదీల మీద ఈ ప్రయోగం చేశారు. 20 మందికి హిస్టోలైటికాను మింగించారు. 18 మందికి అంటుకుంది. జిగట విరేచనాలు వచ్చింది మాత్రం నలుగురికే, అదీ 20 రోజుల నుంచి 95 రోజుల మధ్య. మిగతా 14 మంది హాయిగా తిరిగారు, వాహకులుగా. ఎంటమీబా కోలైని మింగినవారిలో ఒక్కరికీ జబ్బు రాలేదు.

ఖైదీల చేత అంగీకారం రాయించుకున్నారు. తాళం అవతలివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు ఆ సంతకానికి ఉన్న విలువ ఎంతో మీరే ఊహించుకోండి. కానీ ఈ ప్రయోగం లేకపోతే మరుసటి ఏడాదే మొదలైన యుద్ధంలో వాహకులనే ఆలోచనే వైద్యులకు తట్టేది కాదన్నదీ వాస్తవమే. ఈ రెండింటినీ నేను క్లాసులో పక్కపక్కనే చెబుతాను.

ఈగలు నిజంగా మోస్తాయా?

మోస్తాయి. 1916లో అలెగ్జాండ్రియాలో వెన్యన్, ఓకానర్ అనే ఇద్దరు ఈగలకు కోశాలున్న మలం పెట్టి, తర్వాత ఈగల రెట్టలను పరీక్షించారు. ఈగ పేగులో నుంచి కోశాలు చెక్కుచెదరకుండా బయటికొచ్చాయి. కాళ్ళకు అంటుకున్నవి త్వరగా ఎండి చస్తాయి, కడుపులోవి తేమగా క్షేమంగా ఉంటాయి. వంటశాలకూ మరుగుదొడ్డికీ మధ్య ఈగ తిరిగే దూరం ఎంతో, జబ్బు ప్రయాణించే దూరమూ అంతే.

అప్పట్లో చికిత్స ఏమిటి?

ఇపికాక్ అనే దక్షిణ అమెరికా వేరును విరేచనాలకు వాడటం పాత సంగతే. అందులోని ఎమెటిన్ అనే పదార్థం అమీబాను చంపుతుందని మనీలాలో వెడ్డర్ ప్రయోగశాలలో చూపాడు. 1912లో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ దాన్ని సూదిమందుగా ఇచ్చి రోగులను నిలబెట్టాడు. చావుకు దగ్గరైనవాడు మూడు నాలుగు రోజుల్లో లేచి కూర్చునేవాడు. అద్భుతం అన్నారు.

ఆ అద్భుతం సగమే. రక్తంలో కలిసే మందు పేగు గోడలోని అమీబాను చంపేది, పేగు కుహరంలోని, అంటే లోపలి ఖాళీలోని, వాటిని వదిలేసేది. నొప్పి పోయింది, నెత్తురు ఆగింది, కోశాలు మాత్రం పడుతూనే ఉన్నాయి. ఎమెటిన్ ఒక విధంగా రోగిని వాహకుడిగా మార్చింది. పైగా గుండెకు విషం, అందుకే మంచం మీద పడుకోబెట్టే ఇచ్చేవారు.

1916లో హెన్రీ డేల్ సూచనతో ఎమెటిన్ బిస్మత్ అయోడైడ్ వాడకంలోకి వచ్చింది. ఇది నోటి ద్వారా వేసుకునే మందు, పేగులోనే విడిపోతుంది. రాత్రి ఖాళీ కడుపుతో సుమారు 200 మిల్లీగ్రాములు, పన్నెండు రాత్రులు. వేసుకున్న కాసేపటికి కడుపు తిప్పేది, వాంతులు, పొద్దున్నే విరేచనాలు. తనకు ఏ జబ్బూ లేదని తెలిసిన మనిషి ఎవరికోసమో పన్నెండు రాత్రులు వాంతి చేసుకోవాలి. నర్సు అటు తిరగగానే మందును ఉమ్మేసినవారు ఉంటారనే నా అనుమానం. నేనైనా అదే పని చేసేవాణ్ణి.

నయమైందని ఎలా తేల్చేవారు?

వరుస మల పరీక్షలతో. చిక్కు ఏమిటంటే వాహకుడికి కోశాలు రోజూ పడవు. నాలుగు రోజులు కుప్పలుగా వస్తాయి, తర్వాత వారం ఒక్కటీ కనబడదు. ఒక్క పరీక్షతో దాదాపు సగం మంది తప్పించుకుంటారు, అలవాటులేని కన్నయితే ఇంకా ఎక్కువ. సైనికుల మీద ఈ లెక్కలన్నీ కట్టినవాడు క్లిఫర్డ్ డోబెల్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయన నివేదిక 1917లో వచ్చింది. ఒక్క పరీక్ష నమ్మవద్దు, పలుమార్లు చూడండి అన్నది ఆయన పోరు. ఇప్పటికీ వేర్వేరు రోజుల్లో కనీసం మూడు నమూనాలు ఇవ్వమని అడగడానికి కారణం అదే.

తిరిగొచ్చిన సైనికుల వల్ల వారి ఊళ్ళలో జబ్బు పాకిందా?

అందరూ అదే భయపడ్డారు, జరగలేదు. ఎందుకు జరగలేదో వెతకబోతే ఇంకో సంగతి బయటపడింది. లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో మాథ్యూస్, మాలిన్స్ స్మిత్ అనేవారు విదేశాలకు ఎన్నడూ వెళ్ళని బ్రిటిష్ వారిని పరీక్షించారు. పిల్లలున్నారు, మానసిక చికిత్సాలయాల్లో ఉన్నవారున్నారు, అప్పుడే సైన్యంలో చేరిన కుర్రాళ్ళున్నారు. వారిలోనూ అవే నాలుగు ఉంగరాల కోశాలు కనబడ్డాయి! సైనికుడు తేకముందే అమీబా ఆ ఊళ్ళో ఉంది. అమెరికాలో కోఫాయిడ్ బృందం 1919లో విదేశాలకు వెళ్ళొచ్చిన సైనికులనూ, దేశం దాటని సైనికులనూ పరీక్షిస్తే రెండు గుంపుల్లోనూ దొరికింది.

మరుగుదొడ్లు, మంచినీళ్ళు వేరువేరుగా ఉన్నచోట వాహకుడు ఉన్నా జబ్బు కదలదు. అంతవరకు అర్థమైంది. కానీ ఇంతమంది ఆరోగ్యవంతుల్లో అమీబా ఉండీ ఒక్కరికీ జబ్బు రాకపోవడం మాత్రం విడని ముడిగానే మిగిలింది.

ఆ ముడి ఎప్పుడు విడింది?

ఫ్రాన్సుకు చెందిన ఎమీల్ బ్రంప్ట్ 1925లోనే విప్పాడు, ఎవరూ వినలేదు. చూడటానికి ఒకేలా ఉండే రెండు అమీబాలున్నాయి, ఒకటే హాని చేస్తుంది, రెండోది చేయదు అన్నాడు. రెండోదానికి ఎంటమీబా డిస్పార్ అని పేరు పెట్టాడు. మైక్రోస్కోపులో తేడా చూపించమంటే చూపలేకపోయాడు, ఎందుకంటే తేడా లేదు. యాభై ఏళ్ళు ఆ మాట మూలన పడింది. 1978లో సార్జెంట్ అనే పరిశోధకుడు అమీబాల ఎంజైములను విద్యుత్తుతో వేరుచేసి చూస్తే, జబ్బు చేసేవి ఒక వైపు, చేయనివి ఒక వైపు విడిపోయాయి. 1993లో డైమండ్, క్లార్క్ రెండు జాతులనూ లాంఛనంగా వేరుచేశారు. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూడా అంగీకరించారు.

లెక్క తీస్తే, కోశాలున్న ఆరోగ్యవంతుల్లో చాలా ఎక్కువమందివి డిస్పార్‌వే. దీనికి తోడు 10 మైక్రాన్లకన్నా చిన్నగా ఉండే హార్ట్‌మన్నై అనే మూడో అమీబా ఉంది. యుద్ధకాలంలో దాన్ని కూడా హిస్టోలైటికాలో చిన్న రకమనే లెక్కగట్టారు.

అంటే ఆ సైనికులు అసలు వాహకులే కాదా?

వారిలో చాలామంది కారు. పన్నెండు రాత్రులు వాంతులు చేసుకున్నవారిలో ఎక్కువమంది పేగుల్లో ఉన్నది ఏ పాపమూ ఎరగని అమీబా అయి ఉండాలి. ఆనాటి వైద్యులను తప్పుపట్టలేను, కంటికి కనబడిందే రాశారు. కానీ బ్రంప్ట్ చెప్పాక కూడా అర్ధశతాబ్దం చెవిన పెట్టకపోవడాన్ని మాత్రం తప్పుపడతాను.

అలాగని నిజమైన వాహకులు లేరని కాదు. అసలైన హిస్టోలైటికా ఉండి లక్షణాలు లేనివారిని దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఏడాదిపాటు గమనిస్తే పదిమందిలో ఒకరికి జబ్బు బయటపడింది. మిగతావారిలో చాలామందికి దానంతటదే పోయింది. యుద్ధం నుంచి వచ్చాక నెలలకో ఏళ్ళకో మళ్ళీ నెత్తురు విరేచనాలతో, కాలేయంలో చీముగడ్డతో ఆస్పత్రికి వచ్చినవారు ఈ కోవకు చెందినవారు.

కాలేయంలో చీముగడ్డ అన్ని ఏళ్ళ తర్వాత వస్తుందా?

సాధారణంగా జబ్బున్న ప్రాంతం వదిలిన ఐదు నెలల లోపే వస్తుంది. ఏళ్ళు గడిచాక వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కుడిపక్క డొక్కలో బరువు, జ్వరం, భుజంలోకి పాకే నొప్పి. సూదితో లాగితే ఇటుకరంగు చిక్కటి ద్రవం వస్తుంది, వాసన ఉండదు. ఆడవారికన్నా మగవారిలో ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. విచిత్రం ఏమిటంటే చీముగడ్డ ఉన్నవారిలో చాలామందికి ఆ సమయంలో విరేచనాలు ఉండవు, మలంలో అమీబా కూడా కనబడదు.

కల్లు తాగేవారికి ఇది ఎక్కువంటారు?

దక్షిణ భారతంలో వైద్యులు ఎప్పటినుంచో గమనిస్తున్నదే. కల్లులో కలిసిన నీళ్ళా, కుండ శుభ్రతా, మద్యం కాలేయాన్ని దెబ్బతీయడమా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో పరిస్థితి మారిందా?

బర్మా అడవుల్లో మారలేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయాక జపాను సైన్యం చేతికి చిక్కిన బందీలను బర్మా–సయాం (ఇప్పటి థాయిలాండ్) రైలుమార్గం పనికి తోలారు. వారి వెంట మలయా తోటల నుంచి తీసుకుపోయిన కూలీలున్నారు. తమిళులు ఎక్కువ, తెలుగువారూ ఉన్నారు. సైనిక బందీలకు కనీసం తమ వైద్యులు ఉన్నారు, ఉన్న కాస్త ఎమెటిన్‌ను ఎవరికివ్వాలో తేల్చుకోలేక నలిగిపోయినవారు. కూలీలకు ఆ దిక్కూ లేదు. తిరిగొచ్చిన బ్రిటిష్ బందీలకు లండన్‌లోని రోహాంప్టన్‌లో, లివర్‌పూల్‌లో ఏళ్ళ తరబడి పరీక్షలు జరిగాయి. రబ్బరు తోటలకు తిరిగొచ్చిన మన కూలీలకు అలాంటి పరీక్షలు ఎవరు చేస్తారు?

ఆ మాజీ బందీల్లో అసలు మొండిది అమీబా కాదని తర్వాత తేలింది. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పురుగు, ఒంట్లోనే తన సంతతిని తిరిగి నాటుకుంటూ, ముప్పై ఏళ్ళు దాటాక కూడా వారిలో దొరికింది.

మా తాతగారు సైన్యంలో పనిచేశారు. ఇంట్లో అందరికీ కడుపు బాగుండదు. ఆయనవల్లేనా?

కాదు. మీ నీళ్ళ ట్యాంకు మూత ఎత్తి చూడండి.

జబ్బు పాకినప్పుడు వాహకులను వెతకడం తప్పా?

తప్పు కాదు, కానీ మొదట చూడాల్సింది అది కాదు. 1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్నప్పుడు రెండు హోటళ్ళలో దిగినవారికి అమీబా అంటుకుంది. 1,409 కేసులు, 98 మరణాలు. ముందు వంటవారినీ వడ్డించేవారినీ వరుసలో నిలబెట్టి పరీక్షించారు. వాహకులు దొరికారు కూడా, వెతికితే దొరక్కుండా ఉంటారా? తర్వాత ప్లంబింగును తవ్విచూస్తే మురుగు గొట్టం నుంచి తాగే నీళ్ళలోకి దారి ఉంది. మనిషి మీద వేలు చూపడం ఒక్కరోజు పని, గొట్టం విప్పాలంటే డబ్బు కావాలి.

ఇప్పటి సైనికుల వల్ల ఇలాంటివి జరుగుతున్నాయా?

అమీబా కాదుగానీ, 2010లో హైతీలో జరిగినది చూడండి. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో నేపాల్ నుంచి వచ్చిన దళంతో కలరా ఆ దేశంలో అడుగుపెట్టింది. శిబిరపు మురుగు నదిలో కలిసింది. దాదాపు 10,000 మంది చనిపోయారు. తన పాత్రను ఒప్పుకోవడానికి ఐక్యరాజ్యసమితికి 2016 దాకా పట్టింది. ఆ దళంలోని జవాన్లకు తమ పేగులో ఏముందో తెలియదు. మురుగును నదికి దూరంగా ఉంచి ఉంటే తెలియాల్సిన అవసరమూ ఉండేది కాదు.

నా రిపోర్టులో ఎంటమీబా హిస్టోలైటికా కోశాలు కనబడ్డాయని ఉంది. ఏం చేయాలి?

ముందు కంగారు పడకండి. మామూలు మైక్రోస్కోపుతో చూసి హిస్టోలైటికా అని రాయడానికి వీల్లేదు, హిస్టోలైటికా లేదా డిస్పార్ అని రాయాలి. అమీబా లోపల ఎర్ర రక్తకణాలు కనబడితే హిస్టోలైటికా అన్న అనుమానం బలపడుతుంది. ఖాయంగా విడదీయాలంటే అమీబా ప్రొటీన్లను పట్టే యాంటిజెన్ పరీక్షో, దాని డీఎన్‌ఏను చూసే పీసీఆరో కావాలి.

మన ఊళ్ళలో కడుపులో గుడగుడ అంటే చాలు, అమీబియాసిస్ అని మెట్రోనిడజోల్ షీటు చేతిలో పెట్టేస్తారు. 1966లో పొవెల్ డర్బన్‌లో రోగులకిచ్చి ఈ జబ్బుకు పనిచేస్తుందని చూపిన మంచి మందు అది, ఎమెటిన్‌ను మూలన కూర్చోబెట్టింది. కానీ దానిదీ ఎమెటిన్ కథే. గోడలోని అమీబాను చంపుతుంది, కుహరంలోని వాటిని పూర్తిగా వదిలించలేదు. అందుకే నిజమైన జబ్బుకు మెట్రోనిడజోల్ లేదా టినిడజోల్ తర్వాత, పేగు కుహరంలో పనిచేసే డైలాక్సనైడ్ లేదా పారోమోమైసిన్ కూడా ఇవ్వాలి. లక్షణాలు లేకుండా హిస్టోలైటికా ఉంటే రెండో రకం మందు ఒక్కటే చాలు. డిస్పార్ అయితే ఏ మందూ అక్కర్లేదు. ఏది ఎవరికన్నది మీ వైద్యుడు తేల్చాలి, మందుల షాపు కాదు.

ఒకసారి నా నమూనా కూడా ఒక ల్యాబు అమీబా అని తేల్చింది. స్లైడు అడిగి తీసుకుని చూశాను. ఈస్టు కణం.

ఆనాటి సైనికుల్లో ఎవరికి ఏ అమీబా ఉండేదో ఇప్పుడు తేల్చవచ్చా?

కోశాలు చూసి రాసిన రికార్డులతో తేల్చలేం. హిస్టోలైటికా, డిస్పార్ కోశాలకు కొలతలు అవే, ఉంగరాలూ అవే. పేగులో పుళ్ళు పడి, కాలేయంలో చీము పట్టి చనిపోయినవారి విషయంలో సందేహం లేదు, శవపరీక్షే చెబుతుంది. మిగిలినవారి కాగితాల మీద వాహకుడు అన్న మాట రాసింది రాసినట్టే ఉంది.